కొళాయి వెనక ఊట

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. స్వర్ణముఖి, నీవా, బాహుదా, పింఛా, కౌండిన్య, ఆరణి, కుశస్థలి, కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే పాలారు, అన్నీ వానతో పుట్టి వాన ఆగాక అడుగంటేవే. ఏడాదిలో ఎక్కువ నెలలు వీటిలో ఇసుకే కనిపిస్తుంది. నీళ్లు ఇసుక అడుగున ఉంటాయి. వేసవిలో ఆ ఇసుకలో చెలమ తీసి, ఊరేదాకా కూర్చుని, ముంతతో తోడి బిందె నింపుకోవడం ఈ ప్రాంతపు ఆడవాళ్లకు తరతరాలుగా తెలిసిన పని.

ఇప్పుడు చాలా పల్లెల్లో ఇంటి ముందు కొళాయి ఉంది, పెరట్లో మరుగుదొడ్డి ఉంది. ముప్పై ఏళ్ల కింద ఊహకు అందని మార్పు ఇది. అయితే కొళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా, వచ్చిన నీళ్లు తాగడానికి పనికొస్తాయా, మరుగుదొడ్డి నుంచి పోయింది ఎక్కడికి చేరుతోంది అన్న ప్రశ్నలకు ఊరూరికీ ఒక్కో జవాబు వస్తుంది. మంచినీరు, పారిశుద్ధ్యం అందరికీ అందించాలని పాటుపడుతున్న పేద, వర్ధమాన దేశాలన్నీ ఎదుర్కొంటున్న చిక్కు కూడా ఇదే. దక్షిణ రాయలసీమలో అది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

సురక్షిత నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ మూడు కొలతలు పెట్టాయి. నీళ్లు ఇంటి ఆవరణలోనే దొరకాలి, కావలసినప్పుడు దొరకాలి, కల్మషం లేకుండా ఉండాలి. ఈ మూడూ కలిసిన నీరు 2022 నాటికి ప్రపంచంలో 220 కోట్ల మందికి అందడం లేదని ఆ సంస్థల లెక్క. సురక్షిత పారిశుద్ధ్యం లేనివారు 350 కోట్లు, ఇంకా బయలుకు పోతున్నవారు దాదాపు 42 కోట్లు. మంచినీరు, పారిశుద్ధ్యం మనిషి హక్కులని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2010 జులై 28న తీర్మానించింది. 2030 నాటికి ఇవి అందరికీ అందాలన్నది సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది.

రాతి నేల, రెండు రుతువుల వాన

చిత్తూరు ప్రాంతంలో వాన మరీ తక్కువేం కాదు. ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ నేలను తడుపుతాయి. తూర్పున తీరం వైపు ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు పడమటి మండలాల్లో మొత్తం వానే తక్కువ. పైగా అది కొద్ది రోజుల్లో ఉధృతంగా కురిసి పోతుంది.

కింద ఉన్న రాయి కూడా నీటిని పెద్దగా నిలుపుకోలేదు. జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాళ్లే. గట్టి రాయిలో నీరు నిలిచే చోట్లు రెండు. పైన కొద్ది మీటర్ల మందాన శిథిలమై మెత్తబడిన పొర ఒకటి, దాని కింద రాతిలోని పగుళ్లు, నెర్రెలు ఇంకొకటి. పైపొర నిండితే బావులు నిండుతాయి. నెర్రెల్లోకి నీరు దిగేది నెమ్మదిగా, కొద్దికొద్దిగా. అందుకే ఒక బోరులో నీళ్లు పడి, పక్క సర్వే నంబరులో ఎంత లోతుకు దింపినా దుమ్మే లేస్తుంది. నెర్రె ఎటు పోయిందో పైనుంచి చూసేవాళ్లకు తెలియదు.

గుంటలు, చెరువులు

రెండు రుతువుల వానను పన్నెండు నెలలు వాడుకోవాలంటే నిలవ పెట్టుకోవడం ఒక్కటే దారి. పాతకాలం వాళ్లు చేసింది అదే. వాన నీరు ఒక కుంట నిండాక మొరవ పారి కింది చెరువుకు, అది నిండాక దాని కిందిదానికి చేరేలా గొలుసుకట్టుగా చెరువులు కట్టారు. విజయనగర కాలంలో భక్తులు తిరుమల దేవాలయానికి ఇచ్చిన సొమ్ములో కొంత దేవాలయ గ్రామాల్లో కాలువలు, చెరువులు తవ్వించడానికి వెచ్చించేవారని శాసనాలు చెబుతున్నాయి. పెరిగిన పంటలో వచ్చే భాగం స్వామి నైవేద్యాలకు వెళ్లేది. తిరుపతిలో తాతయ్యగుంట, కొర్లగుంట వంటి పేట పేర్లు ఒకప్పుడు ఆ ఊరికి నీళ్లు ఎక్కడ నిలిచేవో ఇప్పటికీ గుర్తుచేస్తాయి.

చెరువు పొలానికి నీరిచ్చే చోటు మాత్రమే కాదు. చెరువు నిండిన ఏడాది కట్ట కింది బావుల్లో ఊట పైకి వస్తుంది. తాగే నీటి బావికి బలం చెరువే. చెరువులోకి నీరు తెచ్చే కాలువలు పూడిపోయినా, ఆక్రమణకు గురైనా వాన కురుస్తుంది కానీ చెరువు నిండదు. ఆ నష్టం ముందు కట్ట కింద వరిమడిలో, తర్వాత ఊరి బావిలో కనిపిస్తుంది.

బోరు తెచ్చిన సుఖం, బోరు తెచ్చిన లోటు

1970ల్లో యునిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు భారతదేశ పల్లెల నీటి చరిత్రను మార్చింది. చిత్తూరు ప్రాంతంలో దాన్ని బోరింగు అంటారు. పైన మూసి ఉండే బోరు నీరు దిగుడు బావి నీటికంటే శుభ్రం. పశువులు, మనుషులు దిగే బావి నుంచి నీళ్లు తాగడం తగ్గాక కలరా, నారికురుపు వంటి జబ్బులూ తగ్గాయి. నారికురుపు ఈ దేశంలో పూర్తిగా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించింది.

అదే బోరు పొలంలోకి వచ్చాక కథ మారింది. కపిలతో తోడే కాలంలో ఎద్దులు అలసిపోతే నీళ్లు తోడడం ఆగేది. మోటారుకు అలసట లేదు. టమోటా, మల్బరీ, పశుగ్రాసం, మామిడి, వరి, అన్నీ బోరు మీదే ఆధారపడ్డాయి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు బండ్లు ఈ పల్లెల్లో వేసవికి పరిచయమైన చుట్టాలు. వంద అడుగుల్లో పడ్డ నీళ్లు మూడు వందలకు, ఆరు వందలకు, పడమటి మండలాల్లో కొన్నిచోట్ల వెయ్యి అడుగులకు దిగిపోయాయి. పడని బోరు మిగిల్చే అప్పు వడ్డీతో పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టారనుకుంటే అది దాదాపు 48 లక్షల లీటర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన ఎకరా వరి తాగిన నీరు 240 మంది ఊరికి ఏడాది పొడవునా సరిపోతుంది. తాగునీటి బోరు, సాగునీటి బోరు ఒకే నెర్రె నుంచి తోడుతున్నప్పుడు గెలిచేది లోతైన బోరే. పంచాయతీ బోరు ఎండిపోయి ఊరికి ట్యాంకరు వస్తోందంటే, నీళ్లు లేక ఎండిందా, పక్కన తోడేసినందుకు ఎండిందా అని చూడాలి. తాగునీటి వనరుల చుట్టూ కొత్త బోర్లకు అడ్డుకట్ట వేయడానికి 2002లో రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. చట్టాన్ని నిలబెట్టాల్సింది మాత్రం ఊరే.

దూరం నుంచి వచ్చే నీళ్లు

ఊట చాలని చోటికి దూరం నుంచి నీళ్లు తేవడం రెండో దారి. తిరుమల కొండ మీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు ఆ కొండల మీద కురిసిన వాననే నిలవ చేస్తాయి. రోజుకు అరవై, డెబ్భై వేల మంది భక్తులు వచ్చే కొండకు మొదటి ఆధారం ఆ వానే. కింద చంద్రగిరి మండలంలో స్వర్ణముఖి ఉపనది కల్యాణి మీద 1977లో కట్టిన కల్యాణి డ్యాం తిరుపతికీ తిరుమలకూ నీరిస్తుంది. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో ఈ జలాశయాల అడుగు తేలేది. అప్పుడు తిరుపతి తెలుగుగంగ వైపు చూడాల్సి వచ్చింది.

చెన్నై దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తలా అయిదు టీఎంసీల కృష్ణా జలాలు ఇచ్చేలా కుదిరిన 1976 ఒప్పందంతో తెలుగుగంగకు బీజం పడింది. శ్రీశైలంలో బయలుదేరిన నీరు వెలుగోడు, బ్రహ్మంసాగరం, సోమశిల, కండలేరు జలాశయాలు దాటి తమిళనాడులోని పూండికి పోతుంది. ఆ కాలువ శ్రీకాళహస్తి వైపు నుంచి పోతుండడంతో తిరుపతి నగరానికీ కృష్ణా నీళ్లు అందాయి. ఎక్కడో మహాబలేశ్వరంలో కురిసిన వాన తిరుపతి కొళాయిలో పడుతోందంటే దాని వెనక అయిదు దశాబ్దాల ఒప్పందాలు, కాలువలు, జలాశయాలు ఉన్నాయి.

పడమటి మండలాల కథ ఇంకా కష్టం. కుప్పం, మదనపల్లె ప్రాంతాలు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. హంద్రీ-నీవా సుజల స్రవంతి నలభై టీఎంసీల నీటిని ఆ మట్టం నుంచి మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు ప్రాంతాలకు చేర్చే పథకం. 2025 ఆగస్టు చివర్లో కృష్ణా జలాలు కాలువ చివర కుప్పం మండలం పరమసముద్రం చెరువును చేరాయి. చెరువులకు చేరిన నీరు చుట్టుపక్కల బోర్లకూ ఊపిరి పోస్తుంది. అయితే మూడు వందల మీటర్లకు పైగా ఎత్తిన ప్రతి లీటరు వెనక కరెంటు ఖర్చు ఉంది. శ్రీశైలం నిండని ఏడాది కాలువ చివరనున్నవాళ్లకే ముందు కోత పడుతుంది. దూరపు నీరు వచ్చిందని ఊరి చెరువును వదిలేస్తే రెండూ లేని రోజు వస్తుంది.

ఇంటింటికీ కొళాయి

2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ మొదలైననాడు దేశంలో 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకే కొళాయి ఉంది, అంటే ఆరిళ్లలో ఒకదానికి. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. 2024లో ముగియాల్సిన పథకాన్ని 2028 దాకా పొడిగించారు. పేద, వర్ధమాన దేశాల్లో ఇంత తక్కువ కాలంలో ఇన్ని కొళాయిలు బిగించిన పథకాలు అరుదు.

కొళాయి బిగించాక అసలు పని మొదలవుతుంది. పల్లె నీటి సరఫరాలో బోరు, మోటారు, నీళ్ల ట్యాంకు, గొట్టాలు, వాల్వులు అన్నీ ఒక గొలుసు. ఏ ఒక్క కడియం తెగినా బిందె ఖాళీ. ట్యాంకు కింద ఉన్న వీధికి ధారగా వచ్చే నీళ్లు మిట్టన ఉన్న వీధికి సన్నగా కూడా రావు. ఊళ్లలో మిట్టన, చివరన ఉండేవి చాలాసార్లు దళితవాడలు, కొత్త కాలనీలు. కొందరు కొళాయికే మోటారు బిగించి లాగేస్తే వెనక ఇళ్లకు గాలి తప్ప ఏమీ రాదు. ఏ వీధికి ఎప్పుడు వాల్వు తిప్పాలో, ఎంతసేపు వదలాలో చూసే పంచాయతీ నీళ్ల మనిషే ఆ ఊరికి నిజమైన నీటి ఇంజనీరు. అతని జీతం నెలనెలా పడడం, మోటారు కాలితే రెండో రోజుకు బాగవడం, గొట్టం పగిలితే వెంటనే అతుకు పడడం మీదే పథకం బతుకుతుంది.

రాజ్యాంగ 73వ సవరణ తాగునీటిని పంచాయతీల బాధ్యతల జాబితాలో చేర్చింది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో అరవై శాతం నీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని నియమం. బిందె బరువు తెలిసినవాళ్లు లెక్క అడిగితే ఆ లెక్క గట్టిగా ఉంటుంది.

చూపుకు తేట, లోపల ఏముంది

నీరు తేటగా ఉంటే మంచిదన్న నమ్మకం పాతది. కానీ జబ్బు తెచ్చే సూక్ష్మజీవులకు రంగు లేదు, ఫ్లోరైడుకు రుచి లేదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో గుర్తించింది తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో. లోతైన రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరిగి ఉంటుంది. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ ప్రమాదం పెరగవచ్చు. భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే వనరు లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు. అంతకు మించితే పళ్లు పసుపెక్కి గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. ఎరువుల నుంచి, మరుగు గుంతల నుంచి దిగే నైట్రేటు మరో చిక్కు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేటు చంటిబిడ్డలకు ముప్పు.

రోజువారీ పెద్ద ముప్పు మాత్రం మలం కలిసిన నీరే. రోజుకో గంట వదిలే నీళ్లలో ఈ ముప్పు ఎక్కువ. నీళ్లు వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లి ఉంటే నీరు బయటికి కారుతుంది. వాల్వు కట్టేశాక ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లి బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదట వచ్చే బిందెడు నీళ్లలో ఆ మురుగు ఉంటుంది. గొట్టం మురుగు కాలువలో మునిగి పోయే వీధుల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యేది ఇలాగే.

దీనికి విరుగుడు చవకైనదే. ట్యాంకులో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల నాణ్యమైన బ్లీచింగ్ పౌడరు కలిపి, కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. పని జరిగిందా లేదా అన్నది ట్యాంకు దగ్గర కంటే ఊరి చిట్టచివరి కొళాయి దగ్గర తెలుస్తుంది. అక్కడ చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ మిగిలి ఉంటే నీళ్లు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. రంగు రాకపోతే పౌడరు పాతదైనా అయ్యుండాలి, దారిలో మురుగు కలిసైనా ఉండాలి. మూత తీసి పెట్టిన బస్తాలో పౌడరు తన గుణం పోగొట్టుకుంటుంది కాబట్టి ఈ పరీక్ష వారం వారం జరగాలి. ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ చెప్పింది.

కొళాయి నీటి మీద నమ్మకం లేనిచోట క్యాను నీళ్లు వచ్చి చేరాయి. ఆర్‌ఓ యంత్రం ఉప్పును, ఫ్లోరైడును తగ్గించగలదు, ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో దాని అవసరం కాదనలేనిది. కానీ శుద్ధి చేసే నీటిలో చెప్పుకోదగ్గ భాగాన్ని అది ఉప్పునీరుగా బయటికి తోసేస్తుంది. నీటి కొరత ఉన్న నేలకు అది భారం. కూలి డబ్బుల్లోంచి రోజూ నీళ్లకు కొంత తీసి పెట్టడం పేద ఇంటికి ఇంకా పెద్ద భారం.

మరుగుదొడ్డి, దాని కింద గుంత

2011 జనాభా లెక్కల నాటికి భారత గ్రామీణ ఇళ్లలో మరుగుదొడ్డి ఉన్నవి 30.7 శాతమే. చెంబు పట్టుకుని చీకట్లో బయలుకు పోవడం ఆడవాళ్లకు అవమానం, భయం, రోగం కలిసిన కష్టం. పొద్దెక్కాక అవసరం పడకుండా నీళ్లు తాగడమే తగ్గించుకున్నవాళ్లు, వయసొచ్చాక బడి మానిన ఆడపిల్లలు ఆ లెక్కల్లో కనపడరు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ ఒక్కో ఇంటికి రూ.12,000 ప్రోత్సాహంతో అయిదేళ్లలో దేశమంతటా పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టించింది.

పల్లెకు నప్పేది రెండు గుంతల మరుగుదొడ్డి. పీట వాలు నిటారుగా ఉండడంతో రెండు లీటర్ల నీళ్లతోనే శుభ్రమవుతుంది. నీళ్లు మోసుకొచ్చే ఇంటికి ఆ తేడా ఎంతో పెద్దది. వెనక మీటరు వెడల్పున రెండు గుంతలు ఉంటాయి. గోడలో ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కడతారు. అడుగున సిమెంటు వేయరు. నీరు మట్టిలోకి ఇంకుతుంది, గాలి పోతుంది, మడ్డి నిలుస్తుంది. రెంటికీ మధ్య చిన్న తొట్టిలో గొట్టం రెండుగా చీలుతుంది. ఒక దారిని మూసి ఒక గుంతనే వాడాలి. కొన్నేళ్లకు అది నిండితే దారి మార్చి రెండోది వాడాలి. మొదటి గుంతను ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచితే మలం మట్టి వాసన తప్ప మరే వాసనా లేని ఎరువుగా మారుతుంది. దాన్ని పారతో తీసి చెట్టుకు వేయొచ్చు. ఏ మనిషీ మరో మనిషి మలం ఎత్తాల్సిన పని ఉండదు. తాగునీటి బావికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. రాతి నెర్రెలు పైకి తేలిన చోట ఇంకా ఎక్కువ దూరం అవసరం.

చాలా ఇళ్లలో జరిగింది వేరు. రెండు గుంతల బదులు ఒకటే పెద్దది తవ్వారు. స్థోమత ఉన్నవాళ్లు సెప్టిక్ ట్యాంకు కట్టి దాని నీటిని వీధి కాలువలోకి వదిలారు. అది నిండితే ట్యాంకరును పిలుస్తారు. ఆ ట్యాంకరు తోడిన మడ్డిని ఏ వంకలోనో, ఏ చెరువు మూలనో కుమ్మరిస్తే బయలుకు పోవడం ఆగినా బయలు మాత్రం శుభ్రపడదు. పడమటి మండలాల్లో నీటి ఎద్దడి ఉన్న వేసవిలో మరుగుదొడ్డి కట్టెలు, గడ్డి పెట్టుకునే గదిగా మారడానికీ కారణం నీళ్లే. నీళ్లు లేని మరుగుదొడ్డి నాలుగు రోజుల్లో మూతపడుతుంది.

సెప్టిక్ ట్యాంకులో దిగడం చావును కొనితెచ్చుకోవడమే. 2018 ఫిబ్రవరిలో పలమనేరు మండలం మొరం గ్రామంలో ఒక కోళ్ల పరిశ్రమ ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు కూలీలు ఊపిరాడక చనిపోయారు. మూసిన ట్యాంకులో మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను నిండుతాయి, ప్రాణవాయువు ఉండదు. ఇలాంటి చోట్ల మొదట దిగినవాడు పడిపోగానే పక్కవాడు కాపాడబోయి దిగుతాడు, అతని వెనక మరొకడు. మనుషులను మురుగులోకి దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. పారిశుద్ధ్యం ఎంత బాగుందో కొలవాలంటే ఎన్ని దొడ్లు కట్టారన్నదానితో పాటు, వాటిని శుభ్రం చేసే మనిషి ప్రాణంతో ఇంటికి చేరుతున్నాడా అన్నది కూడా చూడాలి.

యాత్రాస్థలం మురుగు

తిరుపతి పురపాలక సంఘం 1886లో ఏర్పడింది, 2007లో నగరపాలక సంస్థ అయింది. 2011 లెక్కల్లో నగర జనాభా 2.87 లక్షలు. వచ్చిపోయే భక్తులను కలిపితే ఏ రోజుకైనా నగరం మోసే బరువు అంతకంటే ఎక్కువ. యాత్రాస్థలాలు పందొమ్మిదో శతాబ్దంలో కలరాకు నిలయాలని పేరుపడ్డాయి. లక్షల మందికి నీరు, వసతి, మరుగు ఏర్పాట్లు చేయడం అప్పటినుంచీ తిరుపతికి తప్పని బాధ్యత.

నగరంలోని మురుగు రేణిగుంట మండలం తూకివాకం దగ్గరి శుద్ధి కేంద్రానికి పోతుంది. దాని సామర్థ్యం రోజుకు అయిదు కోట్ల లీటర్లు. శుద్ధి అయిన నీటిని తోటలకు, నిర్మాణాలకు, పరిశ్రమలకు మళ్లిస్తే ఆ మేరకు తాగునీరు మిగులుతుంది. 2020 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పది లక్షల లోపు జనాభా నగరాల్లో తిరుపతి ఆరో స్థానంలో నిలిచింది. తెల్లవారక ముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికుల కష్టం ఆ అంకె వెనక ఉంది.

తిరుపతి చేరాల్సిన తదుపరి మెట్టు ఏదో మరో క్షేత్రం చూపించింది. ఒడిశాలోని పూరీలో 2021 జులై నుంచి కొళాయి నీటినే నేరుగా తాగేలా, ఇరవై నాలుగు గంటలూ సరఫరా చేస్తున్నారు. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మురుగు లోపలికి రాదన్న సూత్రమే దానికి పునాది. కంబోడియా రాజధాని నామ్‌పెన్ 1993 నాటికి యుద్ధాలతో చితికిపోయి, తోడిన నీటిలో డెబ్భై శాతానికి పైగా కారిపోయి, దొంగిలింపుకు గురయ్యే నగరం. మీటర్లు పెట్టి, చిల్లులు పూడ్చి, డబ్బున్నవాళ్ల దగ్గరా పెద్ద కార్యాలయాల దగ్గరా బిల్లులు వసూలు చేసి, పేదలకు రాయితీ ఇచ్చి రెండు దశాబ్దాల్లో ఆ నష్టాన్ని పది శాతం లోపుకు తెచ్చింది.

వరద కూడా నీటి సమస్యే

2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. తిరుపతికి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లోనే తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో వింత జరిగింది. సిమెంటు వరలు దించి కట్టిన నేలలోపలి నీళ్ల తొట్టిని ఇల్లాలు లోపలికి దిగి శుభ్రం చేస్తుండగా, ఆ తొట్టి నేలను చీల్చుకుని మనిషి ఎత్తును మించి పైకి లేచింది. చూడడానికి జనం బారులు తీరారు. అందులో మాయేమీ లేదు. వానకు భూగర్భ నీటి మట్టం నేల అంచుదాకా వచ్చింది. కడగడానికి నీళ్లు తోడేయడంతో తొట్టి ఖాళీ అయి తేలికపడింది. చుట్టూ ఉన్న నీరు దాన్ని ఖాళీ బిందెను తేల్చినట్టు తేల్చేసింది.

ఆ తొట్టిని లేపిన నీరే చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకుల్లోకి, నేల తొట్ల పగుళ్లలోకి చేరింది. గుంటలు, వంకలు పూడ్చి ఇళ్లు కట్టిన చోట వరద నీరు తన పాత దారినే వెతుక్కుంటుంది. మురుగు, తాగునీరు ఏకమవుతాయి. వరద తగ్గాక తొట్లు కడిగి క్లోరిన్ వేయడం, కొన్నాళ్లు నీళ్లు కాచి తాగడం తప్పనిసరి. చెరువుకు దారి వదిలిన ఊరికి వేసవి దాహమూ, కార్తీక వరదా రెండూ తగ్గుతాయి.

నీటికి బడ్జెట్

దక్షిణ రాయలసీమ అనుభవం నేర్పే పాఠం ఊరి నీటికి లెక్క రాయడం. 2003 నుంచి 2009 వరకు చిత్తూరు సహా ఏడు జిల్లాల్లోని 638 ఆవాసాల్లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. వానమాపకంలో పడిన వానను, బోర్లలో నీటి మట్టాన్ని రైతులే కొలిచి ఊరి గోడ మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, నేలలో ఉన్నదెంత, వేయాలనుకుంటున్న పంటలకు కావలసిందెంత అని తేల్చేవారు. లోటు కనబడితే ఎవరూ ఎవరినీ శాసించకుండానే వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగేవి. అంకె అందరి కళ్లముందూ ఉంటే ఎవరు ఎంత తోడుతున్నారో దాచుకునే వీలుండదు.

ఇంటి స్థాయిలోనూ లెక్క ఉంది. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే తొంభై వేల లీటర్లు. అందులో అయిదో వంతు ఆవిరైపోయినా డెబ్భై రెండు వేలు మిగులుతాయి. అయిదుగురున్న ఇంటికి మనిషికి 55 లీటర్ల చొప్పున ఏడాదికి కావలసింది లక్ష లీటర్లు. మిద్దె మీద పడ్డ వానను ఇంకుడు గుంతలోకి దించితే ఇంటి అవసరంలో మూడింట రెండు వంతులకు మించి నేలకు తిరిగి చేరుతుంది. అది ఊరి బావిలోనో, పంచాయతీ బోరులోనో తేలుతుంది.

చెరువు పూడిక తీయడం, వంకలకు దారి వదలడం, పంచాయతీ బోరు చుట్టూ ఇతర బోర్లు రాకుండా చూడడం, చివరి కొళాయి దగ్గర క్లోరిన్ పరీక్షించడం, మరుగు గుంతను రెండుగా కట్టి బోరుకు దూరంగా పెట్టడం, నగరపు మురుగును శుద్ధి చేసి మళ్లీ వాడడం విడివిడి పనులుగా కనిపిస్తాయి. నేల లోపల ఇవన్నీ ఒకే నీటి మీద చేసే పనులు. ఇంటి ముందు కొళాయి ఆ నీటికి చివరి అంచు. దాని వెనక ఊట నిలిచినంతకాలమే కొళాయి నీళ్లిస్తుంది.